మీట ఎవరి చేతిలో వుంది?

ఈ మధ్య మన మిత్రుల గోష్ఠిలో ఇంటి యంత్రాల ప్రసక్తి వచ్చింది. దీపాలు, ఫాన్లు, టెలివిజన్, యాంప్లిఫయరు, స్పీకర్లు అన్నిటినీ ఒక్క తాటిమీదికి తెచ్చి, ఒక మీటతో నడిపించే ఏర్పాటును గురించి నేను నాలుగు మాటలు చెప్పబోయాను. ఒక మిత్రుడు నవ్వి, "మాస్టారూ, అది డబ్బు చేసినవాళ్ల ఆటబొమ్మ. మనకెందుకండీ?" అన్నాడు. ఇంకొక యువకుడు దానికి పూర్తిగా ఎదురుతిరిగి, "విజ్ఞానం ముందుకు పోతున్నది. ఏ కంపెనీ తెస్తేనేం, పని జరుగుతున్నదా లేదా?" అన్నాడు. ఈ రెండు వాదాలూ తప్పేనని నా నిశ్చితాభిప్రాయం. పైకి ఎడమొగం పెడమొగంగా కనిపించినా, రెండూ ఒకే చోట కాలు జారాయి. యంత్రం ఏమి చేస్తుందని అడిగాయిగాని, ఆ యంత్రం ఎవరి ఆజ్ఞకు కట్టుబడి వుంటుందని అడగలేదు.

మొదటి మిత్రునికి మా అక్కయ్య సంగతి చెప్పాలి. ముప్పయి యేళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. ఎడమ చెయ్యి ఒక్కటే కొద్దిగా ఆడుతుంది. ఆమెకు పొద్దున రేడియో వార్తలు, సాయంత్రం పాటో నాటకమో వినాలి. రిమోటు మీద నలభై బొత్తాలున్నాయి. ఆ వేళ్లకు ఏదీ సరిగా లొంగదు. వార్తలు పెట్టాలంటే కోడలు వంటింట్లోనుంచి రావాలి, ఆపాలంటే మళ్లీ రావాలి. పదిసార్లు పిలవాలనిపిస్తే తొమ్మిదిసార్లు మానుకొనేది. తన గదిలో ఏ గొంతు వినిపించాలో, ఎప్పుడు ఆగాలో తాను నిర్ణయించుకోలేని మనిషికి స్వేచ్ఛ వున్నదంటారా? దీన్ని ఆటబొమ్మ అనే మిత్రుడు ఒక్క వారం ఆ మంచం మీద పడుకొని చూడాలి.

ఆ బాధ చూడలేక మా మేనల్లుడు ఒక కంపెనీవారి పెట్టె కొని తెచ్చాడు. దానితోపాటు మంచం పక్కన ఒక పెద్ద బొత్తాం. నొక్కితే యాంప్లిఫయరు వెలిగేది, డిష్ పెట్టెలో ఆకాశవాణి పలికేది. ఏడాదిన్నర బాగానే నడిచింది. తరువాత కంపెనీ తన సేవను నిలిపివేస్తున్నట్టు ఒక తాఖీదు పంపింది. చెప్పిన తేదీకి బొత్తాం మూగబోయింది. ఇంట్లో కరెంటు వుంది, తీగలు వున్నాయి, పెట్టె చెడిపోలేదు. లేనిదల్లా కంపెనీవారి అనుమతి. అప్పుడు తెలిసింది మాకు: మంచానికీ యాంప్లిఫయరుకూ మధ్య వున్న ఆరడుగులు దాటటానికి, అక్కయ్య ఆజ్ఞ ఊరు దాటి ఎక్కడో వున్న కంపెనీ సర్వరు దాకా పోయి, అక్కడ దణ్ణం పెట్టుకొని తిరిగివచ్చేదని!

ఇది మా ఒక్కరి దురదృష్టం కాదు. అమెరికాలో రివాల్వ్ అనే పెట్టెను 299 డాలర్లకు అమ్మారు. 2014లో ఆ కంపెనీని నెస్ట్ కొన్నది. 2016 మే నెలలో సర్వరు ఆపేసింది. కొన్నవారి చేతిలో ఖాళీ డబ్బా మిగిలింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సర్వర్లు ఒక్కసారిగా ఆరిపోయాయి. అయితే గమనించండి: అవే పరికరాలను ఇంట్లోని సొంత కంప్యూటరుతో నడుపుకొంటున్నవారి దీపాలు మాత్రం ఆరలేదు. వస్తువు ఒకటే, తీగ ఒకటే. తేడా అంతా ఆజ్ఞాపించే అధికారంలోనే వున్నది.

ఇక రెండవ మిత్రుని "పని జరిగితే చాలు" వాదం. పని ఎలా జరుగుతున్నదో ఆయన చూశాడా? ఈ యంత్రాలకూ ఒక భాష వుంది. పాత రిమోటు కంటికి కనపడని కాంతిని సాధారణంగా సెకనుకు 38 వేల సార్లకు అటూ ఇటూగా మినుకుమినుకుమనిపిస్తూ మాట్లాడుతుంది. అది ఒకవైపు మాట. టీవీ వింటుందిగాని, విన్నానని చెప్పదు. పైగా చాలా పరికరాలలో వెలిగించటానికీ ఆర్పటానికీ ఒకే సంకేతం. అది వెలిగి వుందో ఆరి వుందో తెలియని కంప్యూటరు, వెలిగించబోయి ఆర్పేస్తుంది. టీవీకీ యాంప్లిఫయరుకూ మధ్య వేసే హెచ్‌డీఎంఐ తీగలో 19 మొనలుంటాయి. అందులో 13వ మొన పరికరాలు పరస్పరం మాట్లాడుకోవటానికే ఏర్పడింది. దాని పేరు సీఈసీ. అందరికీ ఉమ్మడి ప్రమాణం. కాని శాంసంగ్ దానికి ఎనీనెట్ అని, సోనీ బ్రావియా సింక్ అని, ఎల్‌జీ సింప్‌లింక్ అని పేర్లు పెట్టుకొని, ఉమ్మడి బావికి తలొక గిలకా బిగించి ఇది మా బావి అన్నట్టు అమ్ముకొన్నాయి. సామాన్యుడు తన టీవీ పక్కింటి కంపెనీ యాంప్లిఫయరుతో మాట్లాడగలదని కూడా తెలియకుండా వుండిపోయాడు.

దీనికి భిన్నమైన మార్గం లేకపోలేదు. డెనాన్ కంపెనీ తన యాంప్లిఫయర్లకు ఇచ్చే ఆజ్ఞల పట్టికను బహిరంగంగా ప్రచురించింది. వెలిగించటానికి "పీడబ్ల్యూ ఆన్", శబ్దం పెంచటానికి "ఎంవీ అప్". ఇంట్లోని తీగ మీద ఈ నాలుగైదు అక్షరాలు పంపితే చాలు, యంత్రం జవాబు కూడా చెబుతుంది. అక్షరాలు దాచుకోవటం వ్యాపారానికి అనివార్యమనే మాటకు ఇంతకన్న గట్టి ఖండన ఏం కావాలి?

బ్రెహ్ట్ 1932లోనే రేడియో గురించి ఒక మాట అన్నాడు. రేడియో పైనుంచి కిందికి పంచిపెట్టే సాధనంగానే వుండిపోకూడదు, వినేవాడు మాట్లాడగల సాధనం కావాలి అన్నాడు. ఈనాడు ఇంట్లో యంత్రం రెండువైపులా పనిచేస్తున్నమాట నిజమే. కాని జరిగిందేమిటి? వినేవాడికి మాట రాలేదు, యంత్రానికే చెవులు వచ్చాయి! విజియో కంపెనీ 2014 నుంచి జనం ఏమి చూస్తున్నారో తన టీవీల ద్వారా చెప్పకుండా కనిపెట్టి అమ్ముకొన్నదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. అటువంటి టీవీలు 1 కోటి 10 లక్షలు. 2017లో 22 లక్షల డాలర్లకు వ్యవహారం రాజీ అయింది. లెక్క కట్టండి: టీవీకి 20 సెంట్లు. ఒక సంసారం నట్టింటి గుట్టుకు కట్టిన వెల అది. అమెజాన్ ఎకో యంత్రాలు కొన్నింటిలో, మన ధ్వనిని బయటికి పంపకుండా ఇంట్లోనే విడమరచుకొనే సదుపాయం వుండేది. 2025 మార్చి 28న దాన్ని తీసివేశారు. కొన్నవారిని అడిగారా? అడగవలసిన అవసరం వారికి కనపడలేదు. పని జరుగుతున్నది, నిజమే, ఎవరి పని?

మా ఇంట్లో తరువాత ఏమి జరిగిందో కూడా చెప్పాలి. పాలిటెక్నిక్‌లో చదువుకొంటున్న ఒక కుర్రవాడు వచ్చాడు. అరచేతిలో పట్టే కంప్యూటరు ఒకటి పెట్టి, అందులో హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేరు ఎక్కించాడు. 2013లో మొదలై, ప్రపంచంలో ఎందరో చేతులు కలిపి పెంచిన సాఫ్ట్‌వేరు అది; 2024 నుంచి ఒక లాభాపేక్షలేని సంస్థ ఆస్తి. పాత రిమోట్ల సంకేతాలను ఒక్కొక్కటే దానికి నేర్పాడు. యాంప్లిఫయరు వెలిగివుందో లేదో తెలియకపోవటమనే చిక్కును, కరెంటును కొలిచే ప్లగ్గు ఒకటి పెట్టి విప్పాడు. కరెంటు లాగుతుంటే వెలిగినట్టు, లేకపోతే ఆరినట్టు. మొదటి వారం డిష్ పెట్టె మేలుకోకముందే ఛానలు అంకెలు పంపి అభాసుపాలయ్యాము. మధ్యలో కొద్ది క్షణాలు ఆగమని నేర్పాక సర్దుకొంది. కిటికీ తెర ఎగిరి సంకేతానికి అడ్డం పడితే, పంపే దీపాన్ని గోడ మీదికి మార్చాము. ఇప్పుడు ఇంటర్‌నెట్ తెగిపోయినా అక్కయ్య బొత్తాం పనిచేస్తుంది. ఆమె ముద్దమాటను అర్థం చేసుకోవలసిన అవసరం ఏ సర్వరుకూ లేదు.

"అందరిళ్లకూ అటువంటి కుర్రవాడు వస్తాడా?" అని అడగవచ్చు. రాడు. అందుకే ఇది చేతనైనవాడు చేసుకొనే సరదాగా మిగిలిపోకూడదంటున్నాను. ఇంట్లోకి వచ్చే ప్రతి టీవీకీ, స్పీకరుకూ, యాంప్లిఫయరుకూ ఆజ్ఞల పట్టిక ప్రచురించి తీరాలి. ఇంటిలోపలి పని ఇంటిలోపలే, బయటి సర్వరు ప్రమేయం లేకుండా జరగాలి. కంపెనీ చేతులెత్తేసిన రోజున తాళంచెవులు కొన్నవారికి అప్పగించాలి. మన దేశంలో 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక సంఘాన్ని నియమించింది. గృహోపకరణాలు కూడా దాని పరిధిలో వున్నాయి. మరమ్మతు అంటే మర బిగించటమేనా? విరగని యంత్రాన్ని దూరంనుంచి చంపే అధికారం కంపెనీకి వున్నంతకాలం, మరమ్మతు హక్కు సగం హక్కే. ఈ మాట ఆ సంఘానికి చెప్పవలసిన బాధ్యత మనది కాదా?

మరొక పని మన చేతిలోనే వుంది. ఉపాధ్యాయ మిత్రులు తమ కళాశాలల ప్రయోగశాలల్లో పాత రిమోటు విప్పించి, దాని భాష విద్యార్థుల చేత చదివించవచ్చు. ఊరికి పదిమంది అటువంటి విద్యార్థులు తయారైతే, మంచం పట్టిన పదిమంది గదుల్లో మళ్లీ గొంతులు వినిపిస్తాయి. ఆటబొమ్మ అని ఈసడించే మిత్రుడూ, ఎవరు తెస్తేనేమనే మిత్రుడూ ఈ పనికి కలిసివస్తారనే నా ఆశ.

ఈ వ్యాసం ముగించి అక్కయ్యకు చదివి వినిపించాను. సగంలో వార్తల వేళ అయింది. "ఆగరా తమ్ముడూ" అని ఆమె ఎడమచేత్తో బొత్తాం నొక్కింది. నేను నోరు మూసుకొన్నాను.