ఊరు చూపించినందుకు డబ్బులా?

మా రాజమండ్రికి చుట్టాలెవరొచ్చినా ఊరు చూపించే పని నాదే. ఇరవై రెండేళ్లుగా మా వారి స్నేహితుల్నీ, ఆడపడుచు అత్తింటివాళ్లనీ తిప్పుతూనే ఉన్నాను. "నువ్వు చెబితేనే తెలిసింది వదినా" అంటే చాలు, పొంగిపోయేదాన్ని.

పోయిన కార్తీకంలో పక్కింటివాళ్లకి తెలిసిన నలుగురు ఆడవాళ్లు హైదరాబాదు నుంచి వచ్చారు. ఊరంతా తిప్పాక వాళ్లలో పెద్దావిడ నా చేతిలో వెయ్యి రూపాయలు పెట్టింది. వద్దన్నాను. "ఆటోకి ఇచ్చాం, రోజ్‌మిల్క్‌కి ఇచ్చాం. మూడు గంటలు నోరు నొప్పెట్టేలా చెప్పావు, నీకివ్వకూడదా అమ్మా?" అంది. తీసుకున్నాను.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. "ఊరు చూపించినందుకు డబ్బులా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు మా వారు. నిజం చెప్పొద్దూ, నాకూ సిగ్గేసింది. కానీ ఆలోచిస్తే ఆ సిగ్గు ఎందుకో అర్థం కాలేదు.

గోదావరి మీది పాత రైలు వంతెన 1900లో మొదలైందనీ, 1997లో దాని మీద రైళ్లు ఆగిపోయాయనీ ఎవరైనా చెబుతారు. 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు మా ఊళ్లో తొలి వితంతు వివాహం జరిపించారనీ చెబుతారు. నేను మాత్రం రాజ్యలక్ష్మమ్మగారి గురించి చెబుతాను. ఇలాంటి పెళ్లిళ్లకి వంటవాళ్లు రామంటే వంట చేసింది, నీళ్లు మోసింది ఆయన భార్యే. అది వినగానే ఆడవాళ్లంతా ఒక్క నిమిషం మాట్లాడరు. "బి.ఏ. తెలుగు చదివి ఏం చేస్తావే?" అని అందరూ అడిగిన చదువే ఇక్కడ అక్కరకొచ్చింది. మరి ఇది పని కాదా?

మనం చేసేదానికి వెల కట్టకపోతే అది ప్రేమ, కడితే ఆశ. ఈ లెక్క మగవాళ్లకి ఎందుకు లేదు?

అందుకే ఒక నియమం పెట్టుకున్నాను. చుట్టాలకి ఉచితం, బయటివాళ్లకి మనిషికి 300 రూపాయలు. ఎంతో ముందే చెప్పేస్తాను. ఆడవాళ్లనీ, కుటుంబాలనీ మాత్రమే తీసుకెళ్తాను. పుష్కర ఘాట్ దగ్గరే కలుసుకుంటాం, మా అమ్మాయికి ఫోన్లో లొకేషన్ పెడతాను. మీ ఊళ్లో పురావస్తు శాఖవారి కట్టడాలుంటే, లోపల గైడుగా చెప్పడానికి లైసెన్సు కావాలేమో ముందే కనుక్కోండి.

దీంతో ఇల్లు గడుస్తుందని చెప్పను. మంచి నెలలో నాలుగు వేలు వస్తాయి, ఎండాకాలంలో సున్నా. కానీ మొన్న మా అమ్మకి కళ్లద్దాలు కొన్నాను. ఎవరినీ అడగలేదు, ఎవరికీ లెక్క చెప్పలేదు. పెళ్లయ్యాక అలా కొన్న మొదటి వస్తువు అదే.

మా వారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ పోయిన ఆదివారం నేను బయల్దేరుతుంటే "ఎండగా ఉంది, గొడుగు తీసుకెళ్లు" అన్నారు. ప్రస్తుతానికి అది చాలు.

మీ ఊరి గురించి మీకు తెలిసింది తక్కువేం కాదు. ఎవరైనా డబ్బిస్తే "అబ్బే, ఎందుకండీ" అనే ముందు ఒక్కసారి ఆలోచించండి.