హమ్మయ్య అనడం వెనుక ఉన్న శాస్త్రం

ఆఖరి పరీక్ష రాసి బయటకు వచ్చినప్పుడు మీ నోటి వెంట మొదట వచ్చే మాట ఏమిటి? "హమ్మయ్య" కదూ! ఇప్పుడు అదే మాటను గాలి లోపలికి పీలుస్తూ పలికి చూడండి. సరిగ్గా రాదు, నవ్వు మాత్రం వస్తుంది. అది గాలి వదులుతూ అనే మాట. గండం గడిచినప్పుడు "ఊపిరి పీల్చుకున్నారు" అని పత్రికల్లో రాస్తుంటారు గాని, గమనించి చూస్తే ఆ క్షణంలో మనిషి చేసేది ఊపిరి వదలడమే.

ఇందులో మీకు పనికివచ్చే శరీరధర్మ శాస్త్రం చాలా ఉంది. పదో తరగతికి రాకముందే ప్రతి విద్యార్థికీ దీన్ని నేర్పాలని నా అభిప్రాయం. కళ్ళు మూసుకుని చేయమని చెబితే చాలదు, ఎందుకు పనిచేస్తుందో కూడా చెప్పాలి.

ముందు భయం సంగతి చూద్దాం. ప్రశ్నపత్రం చేతికి రాగానే గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమటపడతాయి, నోరు ఎండిపోతుంది. ఇది పిరికితనం కాదు. అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ భయం, కోపం, నొప్పి, ఆకలి కలిగినప్పుడు శరీరంలో వచ్చే మార్పులను పరిశీలించి 1915లో ఒక గ్రంథం ప్రచురించాడు. మూత్రపిండాల పైనుండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. కాలేయం తాను దాచిన చక్కెరను విడుదల చేస్తుంది. జీర్ణక్రియ మందగిస్తుంది. పోరాడటానికో పారిపోవడానికో శరీరం సిద్ధమవుతుందన్న మాట. పొలంగట్టు మీద ఎద్దు కొమ్ములు విసురుతూ మీదికి వస్తే ఈ ఏర్పాటు మీ ప్రాణం కాపాడుతుంది. కాని పరీక్ష హాలులో పరుగెత్తడానికి లేదు, పోట్లాడటానికి లేదు, బెంచీ మీద కదలకుండా కూర్చోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళ గొడవ విన్న రాత్రి, ప్రాణ స్నేహితుడు మాట్లాడటం మానేసిన రోజు కూడా ఇదే తంతు.

"గుండే, కాస్త నెమ్మదించు" అని ఆజ్ఞాపించగలరా? లేరు. జీర్ణాశయాన్ని, చెమట గ్రంథులను శాసించగలరా? అదీ లేదు. ఊపిరి మాత్రం వేరు. నిద్రలో మన ప్రమేయం లేకుండా మజ్జాముఖం దాన్ని నడుపుతుంది. మెలకువలో కావాలంటే మనమే నడపవచ్చు. రెండు తాళంచెవులున్న గది వంటిది ఇది. ఒక తాళంచెవి మన చేతిలో ఉంది.

ఆ గదిలోనుంచి గుండెకు దారి ఉందా? ఉంది. జర్మనీకి చెందిన కార్ల్ లుడ్విగ్ 1847లో, శరీరంలోని మార్పులను గీతలుగా నమోదు చేసే కైమోగ్రాఫ్ అనే పరికరాన్ని తయారుచేశాడు. ఊపిరితో పాటు గుండె వేగం కూడా మారుతూ ఉండటం ఆయన గీతల్లో కనిపించింది. ఆయన గీతలను నమ్మి ఊరుకోనక్కరలేదు. మణికట్టు దగ్గర మీ నాడి పట్టుకుని నెమ్మదిగా గాలి పీల్చండి, ఇంకా నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు దెబ్బలు కాస్త దగ్గర దగ్గరగా, వదిలేటప్పుడు దూరదూరంగా పడటం తెలుస్తుంది. మీ వయసులో ఈ తేడా స్పష్టంగా ఉంటుంది. యాభై దాటిన నావంటి వారికి తగ్గిపోతుంది, కనుక ప్రయోగానికి మీ చేతిని వాడండి, మాస్టారి చేతిని కాదు!

దీనికి కారణం మెదడు నుంచి గుండెకు, ఊపిరితిత్తులకు, జీర్ణాశయానికి వెళ్ళే వేగస్ నరం. గుండెకు అది బ్రేకు వంటిది. గాలి పీల్చేటప్పుడు బ్రేకు వదులవుతుంది, వదిలేటప్పుడు బిగుస్తుంది. ఆ బ్రేకు ఎలా పనిచేస్తుందో ఆటో లోవీ కప్ప గుండెలతో తేల్చి 1921లో ప్రచురించాడు. ఒక కప్ప గుండెకు అంటి ఉన్న వేగస్ నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో కప్ప గుండెకు అందిస్తే అదీ నెమ్మదించింది! నరం ఒక రసాయనాన్ని విడుదల చేస్తోందన్న మాట. దాని పేరు ఎసిటైల్‌కోలిన్. 1936లో లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక చేయవలసింది మీకే తోచి ఉంటుంది. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. లెక్కకు ఒక సెకను చొప్పున నిమిషానికి ఆరు శ్వాసలు. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ప్రకటించిన పరిశోధనలో, రోజుకు అయిదు నిమిషాల చొప్పున నెల రోజులు నిట్టూర్పులాగా దీర్ఘంగా గాలి వదిలినవారి మనస్థితి, ధ్యానం చేసినవారి కంటే ఎక్కువగా మెరుగుపడింది. అందులో పాల్గొన్నది సుమారు నూరుమందే కనుక, అదే ఆఖరి మాట అనుకోకండి.

ఇక్కడ ఒక అపోహను ఖండించాలి. "గట్టిగా పీల్చండి, ప్రాణవాయువు ఎక్కువ అందుతుంది" అని చాలామంది చెబుతారు. ఆరోగ్యవంతుల రక్తంలోని హీమోగ్లోబిన్ మామూలు శ్వాసతోనే నూటికి 95 పాళ్ళకు మించి ప్రాణవాయువుతో నిండి ఉంటుంది. నిండిన కడవలో ఇంకెన్ని నీళ్ళు పోస్తారు? పైగా గబగబా గట్టిగా పీల్చి వదిలితే రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గి, మెదడులోని రక్తనాళాలు సన్నబడి, తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. మంచి పనికి తప్పుడు కారణం చెబితే పని కూడా చెడుతుంది. స్వామి కువలయానంద 1924లోనే లోణావ్లాలో కైవల్యధామ స్థాపించి, యోగాభ్యాసాలను ప్రయోగశాల పరికరాలతో పరీక్షించడం మొదలుపెట్టారు. ఆ దారిని వదిలి మనం మళ్ళీ మహిమల దగ్గరికి వెళ్ళడం ఏమిటి?

కొందరికి ఊపిరి మీద దృష్టి పెడితే గాభరా పెరుగుతుంది. వారు బలవంతాన చేయనక్కరలేదు, వారికి కదలిక మేలు. భుజాలను చెవులదాకా బిగించి ఎత్తి ఒక్కసారిగా వదిలేయండి. పిడికిళ్ళు బిగించి వదలండి. ఇలా కండరాన్ని బిగించి సడలించడాన్ని ఎడ్మండ్ జేకబ్‌సన్ ఒక పద్ధతిగా రూపొందించి 1929లో పుస్తకం ప్రచురించాడు. లేదా ఆవరణలో చేతులు ఊపుతూ రెండు చుట్లు నడవండి. పారిపోవడానికి సిద్ధమైన శరీరానికి ఆ కాస్త నడక అయినా దక్కాలి.

అయితే నడిచేదెప్పుడు? సంక్రాంతి సెలవులు అయ్యాక చాలా బడుల్లో పదో తరగతి డ్రిల్లు పీరియడ్ మాయమై లెక్కలకో, నా సైన్సుకో వెళ్ళిపోతుంది. పిల్లలకు కదలిక అత్యవసరమైన నెలల్లోనే దాన్ని లాక్కోవడం శరీరధర్మ శాస్త్రం పాఠంగా చెప్పే బడి చేయవలసిన పని కాదు. ఆ పీరియడ్ మీకు తిరిగి ఇవ్వాలి. పరీక్షకు ముందు అయిదు నిమిషాల నెమ్మది శ్వాస కూడా ఇవ్వాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

ఊపిరితో అన్ని బాధలూ కరిగిపోతాయని మాత్రం నేను చెప్పను. నాయనమ్మ పోయిన దుఃఖం కండరాల్లో దాక్కుని చెమటతో పోయేది కాదు. శరీరం నెమ్మదిస్తే ఏడవడానికి, ఎవరికైనా చెప్పుకోవడానికి వీలు కలుగుతుంది, అంతే. ఏడవడం మగపిల్లలకూ తప్పు కాదు. నిద్ర పట్టని రాత్రులు వరుసగా వస్తే, బతకాలని అనిపించకపోతే, లెక్కపెడుతూ కూర్చోకండి. అమ్మకో, మీకు నచ్చిన టీచరుకో ఆ రోజే చెప్పండి. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. చెప్పేటప్పుడు గొంతు వణికితే ఆగి, ఒక నిట్టూర్పు విడిచి, మళ్ళీ మొదలుపెట్టండి. అవతలివారు ఆగుతారు.