అతన్ని నడపనివ్వాలట!

"కబుర్లాపు, అతన్ని నడపనివ్వు." లదాఖ్ కొండదారుల్లో సరిహద్దు రహదారుల సంస్థ ఇంగ్లీషులో రాయించిన హెచ్చరిక బోర్డుల్లో ఇదొకటి. "నా ఒంపుల దగ్గర మృదువుగా వెళ్ళు" అని రోడ్డే ఆడదై బతిమాలుతున్నట్టు ఇంకొకటి. ఏళ్ళ తరబడి యాత్రికులు వీటి పక్కన నిలబడి ఫోటోలు దిగి నవ్వుకున్నారు. నవ్వడానికేముంది? ఆ దారిమీద స్త్రీకి రెండే చోట్లు చూపించారు. పక్కసీట్లో నోరు మూసుకోవాల్సిన భార్య, లేదా చక్రాల కింది రోడ్డు. స్టీరింగు దగ్గర మాత్రం ఆమె లేదు.

ఏ బోర్డూ చెప్పని మూడో చోటు ఒకటుంది. మనాలి వైపు కొండల్లో నేపాల్ నుంచీ జార్ఖండ్ నుంచీ వచ్చిన కూలి కుటుంబాల ఆడవాళ్ళు బిడ్డని పక్కన పడుకోబెట్టుకుని కంకర కొడతారు, తట్టలు మోస్తారు. రోడ్డు వెయ్యడానికి పనికొచ్చిన చేతులు దానిమీద లారీ నడపడానికి పనికిరావా?

"పాత లారీలకి పవర్ స్టీరింగు ఉండదు, ఆడవాళ్ళకి అంత బలమెక్కడిది?" అంటారు. మనాలి నుంచి లేహ్ వెళ్ళే దారిలో బారాలాచా కనుమ దాదాపు 16,000 అడుగుల ఎత్తున ఉంది. అలాంటి చోట పగలు కరిగిన మంచునీళ్ళు రాత్రికి రోడ్డుమీద గాజుపలకలా గడ్డకడతాయి. అక్కడ బలం చూపించి బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి లోయవైపు జారుతుంది. టైర్లకి గొలుసులు చుట్టి, తక్కువ గేరులో, ఇంజను పట్టుమీదే మెల్లగా దింపాలి. ఇది ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన ఓర్పు అని నేననను. నేర్చుకుంటే ఎవరికైనా వచ్చే పని.

ఆ నేర్చుకునే దారినే మూసేశారు. లారీ డ్రైవర్లలో చాలామంది ముందు క్లీనర్లే. కుర్రాడు బండి కడుగుతూ, గొలుసులు బిగిస్తూ, దాబాలో తిని కేబిన్‌లో పడుకుంటూ ఏళ్ళమీద పని పట్టుకుంటాడు. ఆడపిల్లకి ఆ సీటు ఎవరిస్తారు? రాత్రి ఎక్కడ పడుకోవాలి? పాయిఖానాకి ఎక్కడికి వెళ్ళాలి? ఇవేవీ ఏర్పాటు చెయ్యకుండా "వాళ్ళకే ఆసక్తి లేద"ని తేల్చేస్తారు!

అలాస్కా మంచుదారుల్లో లారీ నడిపిన లీసా కెల్లీ 2010లో ఒక టీవీ కార్యక్రమం కోసం మన హిమాలయాల్లోనూ నడిపింది. హిమాచల్ ఆర్టీసీలో సీమా ఠాకూర్ 2016లో తొలి మహిళా డ్రైవరైంది. ఆ బోర్డులు రాయించిన సంస్థే 2021లో ఒక రోడ్డు నిర్మాణ కంపెనీని వైశాలీ హివాసే చేతిలో పెట్టింది. ఇక చేతకాదన్న మాట ఎక్కడ నిలుస్తుంది? అయితే "తొలి మహిళ" అని చప్పట్లు కొట్టి, రెండో మనిషికి దారి వెయ్యకపోవడం కూడా మోసమే.

మనకి పొగడ్తలక్కర్లేదు. లారీలు ఆగే ప్రతి మజిలీలో ఆడవాళ్ళకి పడుకునే గది, పాయిఖానా కావాలి. మంచులో బండి నడపడం నేర్పే శిక్షణలో, మంచు తొలిచే యంత్రాల మీద కూడా, మనకి సీట్లు కావాలి. ఒంపుల గురించి రాసిన బోర్డులు ఇంకా ఎక్కడున్నా పీకెయ్యాలి. ముందు మలుపుంది, నిదానం అని రాస్తే చాలదా? డ్రైవరు ఎవరైనా చదువుకుంటారు.