బిడ్డకు వెంటిలేటర్ ఎప్పుడు తీస్తారు?



బిడ్డకు వెంటిలేటర్ పెట్టారంటే ఇక ఆశ లేనట్టేనని మన పల్లెలలో చాలామంది అనుకుంటారు. అందుచేతనే ఐసీయూ బయట కూర్చున్న బంధువులు "పైపు తీసేయండి, ఇంటికి తీసుకుపోతాం" అని తొందరపెడుతుంటారు. కాని వెంటిలేటర్ పెట్టేది జబ్బు తగ్గేవరకు బిడ్డకు ఊపిరి అందించడానికే. 1952లో డెన్మార్కు దేశపు కోపెన్‌హాగెన్ పట్టణంలో పోలియో వచ్చి పిల్లల ఊపిరి కండరాలు చచ్చుబడినప్పుడు, వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు చేతితో సంచి నొక్కి వారికి ఊపిరి పోశారు. ఎందరో పిల్లలు బ్రతికారు. ఆ పనినే నేడు యంత్రం చేస్తున్నది.

మరి ఎప్పుడు తీస్తారు? ఇది రోజులు లెక్కపెట్టి చేసే పని కాదు. డాక్టర్లు ప్రతిరోజు కొన్ని గుర్తులు చూస్తారు. గొట్టం పెట్టవలసి వచ్చిన జబ్బు తగ్గుముఖం పట్టిందా? మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. బిడ్డకు యంత్రం నుండి 40, 50 శాతానికి మించకుండా సరిపోతున్నదా? రక్తపోటు నిలబడిందా? మత్తుమందు తగ్గిస్తే కళ్ళు తెరుస్తున్నదా? కఫాన్ని దగ్గి బయటికి తేగల బలం ఉన్నదా?

జబ్బును బట్టి గుర్తులు మారుతాయి. న్యుమోనియాలో ఊపిరితిత్తులు బాగుపడాలి. కట్లపాము కాటులో ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, కండరాలే చచ్చుబడతాయి. అందుకని కనురెప్పలు ఎత్తగలదా, దిండు మీదనుండి తల ఎత్తి 5 సెకన్లు నిలపగలదా అని చూస్తారు. అటువంటి బిడ్డ కదలకపోయినా మన మాటలు వింటూ ఉండవచ్చు. మంచం పక్కన "అయిపోయింది" అని ఏడవవద్దు. పేరుపెట్టి పిలిచి ధైర్యం చెప్పండి.

గుర్తులు బాగుంటే పరీక్ష పెడతారు. యంత్రం సహాయం బాగా తగ్గించి, 30 నిమిషాల నుండి 2 గంటల వరకు బిడ్డను సొంతంగా ఊపిరి తీసుకోనిస్తారు. ఆయాసం, డొక్కలు ఎగరడం, చెమటలు, గుండె వేగం చూస్తారు. అలసిపోతే మరల సహాయం పెంచి, మరునాడు చూస్తారు. పిల్లల గొంతు ఇరుకు గనుక, లోపల వాపు ఉంటుందనుకుంటే ముందుగా మందు ఇస్తారు.

తొందరపడి తీస్తే గొట్టం మరల వేయవలసి రావచ్చు. ఆలస్యమైతే ఇన్‌ఫెక్షను, కండరాల నీరసం వస్తాయి. బ్రిటన్‌లోని 18 పిల్లల ఐసీయూలలో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, నర్సులు కూడా కలిసి ప్రతిరోజు బిడ్డను ఇలా పరీక్షించి, మత్తుమందును అదుపులో ఉంచినప్పుడు, పిల్లలు కొన్ని గంటలు ముందే యంత్రం నుండి బయటపడ్డారని తేలింది. కాబట్టి "ఈ రోజు పరీక్ష చేశారా? ఇంకా ఏ గుర్తు రావాలి?" అని డాక్టరుగారిని మర్యాదగా అడగండి. అది మీ హక్కు. ఎప్పుడైనా "తీసేస్తాం" అంటే, బిడ్డ కోలుకున్నందుననా, వైద్యం ఫలించనందుననా అని స్పష్టంగా తెలుసుకోండి. రెండూ ఒకటి కావు.

తీసిన తరువాత కనీసం రెండు రోజులు జాగ్రత్తగా చూస్తారు. డాక్టరు చెప్పేవరకు ప్రేమకొద్దీ పాలు, నీళ్ళు నోట పోయకండి. అవి ఊపిరితిత్తులలోకి పోవచ్చు.

2 రాజులు 4వ అధ్యాయంలో శూనేమీయురాలి కుమారుని సంగతి చదువుతాము. మొదట బాలుని ఒంటికి వెచ్చదనం వచ్చింది. ఎలీషా ఇంట్లో ఇటు అటు తిరిగి, మరల అతని యొద్దకు వెళ్ళాడు. తరువాతనే బాలుడు ఏడుసార్లు తుమ్మి కళ్ళు తెరిచాడు. ప్రవక్త కూడా మరల వెళ్ళవలసి వచ్చింది. కాబట్టి "ఆదివారం లోపల పైపు తీయాలి" అని దేవునికి గడువు పెట్టకుండా, బిడ్డకు బలము, వైద్యులకు వివేచన కలుగునట్లు ప్రార్థించుదము. సంఘస్థులారా, ఆ తలిదండ్రులకు ఒక పూట అన్నం పంపండి. వారి పశువులను చూడండి. ఒక రాత్రి తోడుండండి. అదియు ప్రార్థనయే.

ఐసీయూలలో ఉన్న ప్రతి బిడ్డను ప్రభువు తన కృపలో కాపాడును గాక. ఆమేన్.