తలుపు తెరిచారు, గడప మాటేమిటి?



రెండేళ్ళ క్రిందట పాతపట్నం దాటి మెళియాపుట్టి వైపు కొండల్లో ఉన్న ఒక చిన్న గ్రామానికి ఆరాధనకు వెళ్ళాము. ప్రార్థన ముగిసిన తరువాత ఒక సవర తల్లి నాలుగో తరగతి చదువుతున్న కుమారుణ్ణి చెయ్యి పట్టుకొని తెచ్చి నా ముందు నిలబెట్టింది. "అమ్మగారూ, మా గుంటడు ఇంగ్లీసు సదువుతన్నాడు. ఒకపాలి ఇనండి" అన్నది. ఆమె ముఖములో ఎంత సంతోషమో!

బాబు పుస్తకము తెరిచాడు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే పుస్తకము అది. ఇంగ్లీషు పేజీ తడబడకుండా చదివాడు. అందరమూ చప్పట్లు కొట్టాము. "నాయనా, ఈ పాఠములో ఏమి చెప్పారు?" అని అడిగాను. తల వంచుకున్నాడు. పోనీలే అని తెలుగు పేజీ చదవమన్నాను. అదీ చదివాడు. అర్థము అడిగితే మళ్ళీ మౌనమే. అప్పుడు పక్కనున్న వాళ్ళ అక్క సవర భాషలో ఏదో చెప్పింది. అంతే, వాని ముఖము వెలిగింది. ఎండకు నీరు ఆవిరై పైకి పోయి, మబ్బై, కొండకు తగిలి వానగా కురిసే సంగతి చేతులు తిప్పుతూ గడగడా చెప్పుకుపోయాడు. అక్క నాకు తెలుగులో చెప్పింది. పాఠములో ఉన్నదానికంటే వాడు ఎక్కువే చెప్పాడు.

ఆనాడు నేను వానిని మెచ్చుకొని, ప్రార్థన చేసి, ఇంటికి వచ్చేశాను. ఈ సంవత్సరము తెలిసినదేమంటే, ఆరో తరగతికి దూరాన ఉన్న వసతి గృహములో చేర్పిస్తే మూడు వారాలకే ఇంటికి వచ్చేశాడట. "ఆడికి బుర్ర నేదమ్మా" అంటున్నది ఆ తల్లి. ఆ మాట నా మనస్సును చాలా నొప్పించింది. బుర్ర ఉన్నదని కళ్ళారా చూచిన దానిని నేను. చప్పట్లు కొట్టి ఊరుకున్న దానిని కూడా నేనే.

న్యాయాధిపతులు 12వ అధ్యాయములో ఒక సంగతి ఉన్నది. గిలాదువారు యొర్దాను రేవులను పట్టుకొని, దాటవచ్చిన ప్రతివానిని "షిబ్బోలెతు" అని పలకమన్నారు. "సిబ్బోలెతు" అన్నవాడు ఎఫ్రాయిమీయుడని తెలిసిపోయేది. ఆ విధముగా 42,000 మంది పడిపోయారు. ఒక్క అక్షరము నోరు తిరగనందుకు! మన శ్రీకాకుళము బిడ్డలకు ఈ కథ వేరే వివరించవలెనా? "చెప్పు" అనుటకు "సెప్పు" అన్నందుకు తరగతిలో నవ్వులపాలు కానివారు మనలో ఎందరు? రేవు అందరికీ తెరిచే ఉన్నది. కానీ అక్కడ అడిగే మాట కొందరికి పుట్టుకతో వచ్చినది, మరికొందరికి రానిది.

ఇంగ్లీషు చదువు విషయములో మన రాష్ట్రములో జరిగినది జ్ఞాపకము చేసుకుందాము. 2008లో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఆరో తరగతి నుండి ఇంగ్లీషు మాధ్యమము మొదలుపెట్టారు. 2019 నవంబరులో ప్రాథమిక తరగతుల నుండే అంతటా ఇంగ్లీషు మాధ్యమము అని ప్రభుత్వము ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. ఆ తరువాత తలిదండ్రుల అభిప్రాయము సేకరిస్తే నూటికి 96 మంది ఇంగ్లీషే కావాలన్నారని ప్రభుత్వము ప్రకటించింది.

ఆ 96 మందిని తప్పుపట్టవద్దు. పట్నంలో డబ్బున్నవారి బిడ్డలు కాన్వెంటు బస్సు ఎక్కి వెళ్తుంటే, కూలి చేసుకునేవారి బిడ్డలు చూస్తూ నిలబడిన రోజులు మనకు తెలుసు. తమ బిడ్డలను కాన్వెంటులో చేర్పించి, పేదవారికి మాత్రం మాతృభాష గొప్పతనము గురించి ఉపన్యాసమిచ్చే పెద్దలూ తెలుసు. మన సంఘాలలో తరతరాలుగా అక్షరానికి దూరముగా ఉంచబడిన కుటుంబాలు ఎన్నో ఉన్నవి. ఆ తలిదండ్రులు ఇంగ్లీషు కోరుట గొప్పలకు కాదు, బిడ్డ తమలాగా కష్టపడకూడదని. ఆ తలుపు తెరుచుట న్యాయమే.

అయితే తలుపు తెరిస్తే సరిపోదు, గడప ఎత్తు కూడా చూడాలి. ఉద్యోగస్థుల బిడ్డకు ఇంటివద్ద చెప్పేవారుంటారు, ట్యూషను ఉంటుంది. ఆ బిడ్డకు అది ఒక్క మెట్టు. మన పల్లె బిడ్డకు ఇంటి మాట నుండి పుస్తకపు తెలుగుకు ఒక మెట్టు, అక్కడి నుండి ఇంగ్లీషుకు ఇంకొక మెట్టు. సవర బిడ్డకైతే తెలుగే పరాయి భాష. సవర భాష తెలుగు కుటుంబానికి చెందినది కూడా కాదు, అది ముండా కుటుంబపు భాష. పరాయి భాష మీద మరో పరాయి భాష మోపితే ఆరేళ్ళ బిడ్డ ఏమి చేయగలడు? చూచి చదువుట నేర్చుకుంటాడు, మౌనముగా ఉండుట నేర్చుకుంటాడు. మనము దానికి చప్పట్లు కొడతాము.

ఈ సంగతి మన ప్రాంతపు పెద్ద ఒకరు నూరేళ్ళకు పూర్వమే గుర్తించారు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, మహేంద్రతనయకు అవతల ఒడ్డున ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. సవరల మాట విని, వారితో కలిసి, ఆ భాష నేర్చుకొని, దానికి వాచకాలు వ్రాశారు. ఆయన సవర వ్యాకరణము 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ప్రభుత్వము పారితోషికము ఇవ్వబోతే, "నాకు వద్దు, ఆ డబ్బుతో సవర బిడ్డలకు బడి పెట్టించండి" అని కోరారని చెబుతారు. వాడుక భాష కొరకు పోరాడిన ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని మనము తెలుగు భాషా దినోత్సవముగా చేసుకుంటున్నాము. సవర బిడ్డల కొరకు ఆయన చేసినది మాత్రము ఎందరికి జ్ఞాపకమున్నది?

2004లో ఉమ్మడి రాష్ట్రములో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక చదువు మొదలైంది. సవర పాఠాలను తెలుగు లిపిలోనే అచ్చువేశారు. బిడ్డ ముందు తన మాటలో చదువుట నేర్చి, క్రమక్రమముగా తెలుగుకు, ఆ తరువాత ఇంగ్లీషుకు వెళ్ళవలెనన్నది దాని ఉద్దేశము. ఇది ఇంగ్లీషుకు అడ్డము కాదు, ఇంగ్లీషుకు మెట్లు కట్టుట. చిన్న తరగతులలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించవలెనని రాజ్యాంగము 350-ఎ అధికరణములో ఉన్నది. సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో ఉండవలెనని 2009 విద్యా హక్కు చట్టమూ చెప్పుచున్నది. కాగితము మీద మెట్లున్నవి. బడిలో ఆ భాష తెలిసిన మనిషి ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న.

మన మట్టుకు మనము ఏమి చేయగలము?

మొదటిది ఇంటిలో. బిడ్డ బడి నుండి రాగానే "ఏం చదివావు?" అని మాత్రమే అడగక, "దానిలో ఏముంది, నీ మాటలో చెప్పు" అని అడగండి. అక్షరము రాని తల్లి కూడా ఈ ఒక్క ప్రశ్న అడగగలదు. సవరలో చెప్పినా, మన యాసలో చెప్పినా సంతోషముగా వినండి. చెప్పలేకపోతే కొట్టవద్దు, "బుర్ర లేదు" అనవద్దు. అర్థము కాలేదన్నమాట, అంతే. మరునాడు ఉపాధ్యాయుని అడగమని పంపండి.

రెండవది బడిలో. విద్యా హక్కు చట్టము ప్రకారము పాఠశాల కమిటీలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే ఉండవలెను, సభ్యులలో సగము స్త్రీలు ఉండవలెను. సంతకము పెట్టి వచ్చేయుట కాదు. "మా బిడ్డల భాష తెలిసినవారు ఈ బడిలో ఒక్కరైనా ఉన్నారా?" అని కూర్చున్నచోటనే మర్యాదగా అడగండి. పదిమంది తల్లులు కలిసి అడిగితే ఆ మాటకు బలముంటుంది.

మూడవది సంఘములో. మన మందిరాలు వారములో ఆరు సాయంకాలాలు తాళము వేసి ఉంటున్నవి. అందులో దీపమున్నది, చాప ఉన్నది. పదో తరగతి, ఇంటరు చదివిన సవర యౌవనస్థులు మన మధ్యనే ఉన్నారు. రోజుకు ఒక గంట వారిని చిన్న బిడ్డల మధ్య కూర్చోబెట్టి, పుస్తకములో ఉన్నదానిని వారి భాషలో చెప్పిస్తే చాలు. ఆ కొండ గ్రామములో అక్క చేసిన పని అదే కదా!

1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు మనలను ఇంగ్లీషు నేర్చుకొని రమ్మనలేదు. వారే కూర్చొని తెలుగు నేర్చుకొని, సువార్తలను తెలుగులోనికి తెచ్చారు. పెంతెకొస్తు దినమున కూడా యెరూషలేములో కూడినవారు దేవుని గొప్ప కార్యములను ఎవరి భాషలో వారు విన్నారు. యొర్దాను రేవులో మాట రానివాడు పడిపోయాడు. పెంతెకొస్తు దినమున మాటే మనిషి దగ్గరకు నడిచి వచ్చింది. మన బడులు ఈ రెండింటిలో దేనిని పోలి ఉండవలెను?

వచ్చే వారము మేము మళ్ళీ ఆ గ్రామానికి వెళ్తున్నాము. ఈసారి చప్పట్లు కొట్టుటకు కాదు. ఆ అక్కను వెంటబెట్టుకొని, బాబు దగ్గర కూర్చొని, ఆరో తరగతి పుస్తకము మొదటి పేజీ నుండి తెరవాలని. మీ గ్రామములోనూ అటువంటి బిడ్డ ఒకరు ఉండి ఉండవచ్చును. ఈ సాయంకాలము ఒకసారి వెళ్ళి, "నీ మాటలో చెప్పు నాయనా" అని అడిగి చూడండి.