త్రాటిని విడిచిన వీరుడు: వైరాగ్యమా, నిర్వేదమా?



క్రిస్టఫర్ నోలన్ దర్శకత్వమున 2005, 2008, 2012 సంవత్సరములలో వెలువడిన బ్యాట్‌మన్ చిత్రత్రయమున రెండవదే ఉత్తమమని లోకవాక్యము. జోకర్ పాత్రయందు హీత్ లెడ్జర్ కనబరచిన ప్రతిభ అందుకు ప్రధానహేతువు. ఆ ప్రతిభను నేను కాదనను. అయినను సాధకదృష్టితో చూచినచో కడపటిదైన 'ది డార్క్ నైట్ రైజెస్' చిత్రమే నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. ఇందులో నాయకుడు బాహ్యశత్రువును జయించుటకు పూర్వము తనలోని ఒక భ్రమను జయింపవలసివచ్చినది. జీవితముపై కలిగిన విసుగును వైరాగ్యమని తలచుటయే ఆ భ్రమ. అది సాధనామార్గమున నడచువారికి అపరిచితము కాదు.

కథారంభమునాటికి బ్రూస్ వేన్ ఎనిమిదేండ్లుగా తన భవనమున ఏకాంతవాసము చేయుచున్నాడు. ప్రేమించిన రేచెల్ మరణించినది. చేతికి ఊతకర్ర వచ్చినది. అపారధనమున్నను భోగేచ్ఛ లేదు, జనసంసర్గము లేదు, మరణభయము లేదు. పైపై లక్షణములు చూచినవారు ఇతనిని విరక్తుడనియే భావింతురు. కాని చిన్ననాటినుండి పెంచిన ఆల్ఫ్రెడ్ మోసపోలేదు. ఈతడు జీవించుట మాని, మరల ఏదో ఒక అనర్థము సంభవింపవలెనని ఎదురుచూచుచున్నాడని ఆ వృద్ధసేవకుడు గ్రహించెను. మన పెద్దలు శ్మశానవైరాగ్యమని ఒక మాట చెప్పిరి. అది సామాన్యులకు ఇల్లు చేరువరకే నిలుచును. బ్రూస్‌కు ఎనిమిదేండ్లు నిలిచినది. కాలము దీర్ఘమైనంతమాత్రమున దాని జాతి మారదు. గీత పదునెనిమిదవ అధ్యాయము త్యాగమును మూడు విధములుగా విభజించి, మోహమువలన విడుచుటను తామసమనినది. ఇతని త్యాగము ఆ కోవకే చెందును.

పిమ్మట బేన్ అతని వెన్నెముకను దెబ్బతీసి, పాతాళబిలమువంటి కారాగారమున పడవైచును. ఆ బిలమునకు కప్పు లేదు. తలయెత్తినచో ఆకాశము కనబడుచునే యుండును. ఎవడైనను గోడను ప్రాకి బయటపడవచ్చును. అందరానిది కనుల యెదుటనే యుండుట ఆ చెరలోని అసలు శిక్ష. ఆ బిలము వెలుపలి దృశ్యములను మన జోధ్‌పూర్‌లో, మెహ్రాన్‌గఢ్ దుర్గసమీపమున చిత్రీకరించిరి.

బ్రూస్ నడుమునకు త్రాడు కట్టుకొని రెండు పర్యాయములు దూకి, రెండు పర్యాయములును పడిపోవును. అప్పుడొక అంధవృద్ధుడు అతనికి హితవు చెప్పును. మృత్యుభయము లేకుండుటను నీవు బలమనుకొనుచున్నావు, అదియే నీ దౌర్బల్యము, త్రాడు లేక ఎక్కుము, భయము తిరిగి వచ్చునని ఆ మాటల సారము. మూడవమారు అతడు త్రాడు విడిచి దూకి, ఆవలి మెట్టును అందుకొనును.

ఇచ్చట సాధకునకు సందేహము కలుగుట సహజము. గీత పదునారవ అధ్యాయమున దైవీసంపదను చెప్పుచు భగవానుడు మొట్టమొదట పేర్కొన్నది అభయమును. పతంజలిమహర్షి మరణభయరూపమైన అభినివేశమును పంచక్లేశములలో ఒకటిగా పరిగణించెను. అట్లుండగా భయమును కోరి తెచ్చుకొమ్మనుట శాస్త్రవిరుద్ధము కాదా?

నా అభిప్రాయమున, అభయము వేరు, భయము లేకపోవుట వేరు. అభయము జ్ఞానఫలము. తనకంటె అన్యమైనది లేదని ఎరిగినవానికి భయపడుటకు రెండవ వస్తువే యుండదు. బ్రూస్ స్థితి అది కాదు. బ్రతుకు రుచింపనివానికి దానిని పోగొట్టుకొందునను భయము మాత్రము ఎట్లు కలుగును? అది తమస్సు. తమస్సునందు మునిగినవాడు సత్త్వమునకు చేరవలెనన్న సాధారణముగా రజస్సును దాటియే పోవలెను. వృద్ధుడు అతనిని ఆ మొదటి మెట్టు ఎక్కించెను. కనుక ఆయన వాక్యమును సిద్ధాంతముగా గాక ఔషధముగా గ్రహింపవలెను. రోగము తీరిన పిమ్మట ఔషధమునే ఆహారముగా సేవింపరాదు గదా!

భయమే సమస్తమైనచో ఏమగునో చిత్రమే చూపినది. బ్రూస్‌కంటె ముందు ఆ బిలమునుండి బయటపడినది ఒక్క శిశువు మాత్రమే. ఆమెయే రాస్ అల్ ఘుల్ కుమార్తె తాలియా అని చివర తెలియును. ఆమెయు త్రాడు లేకయే దూకినది. సాహసమొకటే, గోడయొకటే. ఆమె మాత్రము తండ్రి మరణమునకు ప్రతీకారముగా ఒక మహానగరమునే భస్మము చేయనెంచినది. భయము శక్తినిచ్చును, దిక్కును చూపదు. బిలమునుండి వెడలినవారందరును ముక్తులు కారు.

మరి బ్రూస్ విశేషమేమి? పైకి చేరగానే అతడు ఒక త్రాటిని క్రింద నున్న ఖైదీలకు జారవిడుచును. క్షణకాలమైనను నిలువని ఆ దృశ్యము నాకు ఈ చిత్రమునకు హృదయముగా తోచినది. తొలిచిత్రమున బాలుడైన బ్రూస్ బావిలో పడినప్పుడు తండ్రి త్రాటిసాయమున దిగి అతనిని పైకి తెచ్చెను. ఇప్పుడు దిగివచ్చు తండ్రి లేడు. కొడుకే ఇతరులకు త్రాడు వేయువాడైనాడు. వేదాంతమున రజ్జుసర్పభ్రాంతి ప్రసిద్ధము. ఇచ్చటి భ్రాంతి మరియొక విధమైనది. తన నడుమునకు కట్టుకొన్నప్పుడు బంధమైన త్రాడే పరులకు ఇచ్చినప్పుడు తారకమైనది. గీతలో చెప్పిన లోకసంగ్రహమునకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము దొరకదు.

ముగింపును పలువురు ఆక్షేపించిరి. బాంబును సముద్రముపైకి గొనిపోయిన బ్రూస్ మరణించియుండినచో త్యాగము సంపూర్ణమయ్యెడిదనియు, ఫ్లారెన్స్ నగరమున ఆల్ఫ్రెడ్ కంట పడుటచే అది పలుచబడినదనియు వారి వాదము. నేను అంగీకరింపను. మరణమునే కోరియున్నవానికి మరణించుట త్యాగమెట్లగును? అతనికి విడువరానిదై నిలిచినది 'నేనే రక్షకుడను' అను అభిమానము. దానిని విడిచెను. భవనమును అనాథబాలుర కిచ్చెను. విగ్రహము వెలసినది, కీర్తి దానికే దక్కినది. దేహము నిలిచి అభిమానము పోవుట కష్టతరమైన త్యాగము.

ఒక్క విషయమున మాత్రము నేను ఈ చిత్రమును సంపూర్ణముగా సమర్థింపజాలను. హార్వే డెంట్ దోషములను కప్పిపుచ్చిన అసత్యముపై ఎనిమిదేండ్ల శాంతి నిలిచినది. గోర్డన్ లేఖను బేన్ బహిరంగముగా చదివిన దినమున అది కూలినది. అసత్యమూలమైన ధర్మము నిలువదని ఇంత స్పష్టముగా చూపిన చిత్రము మరల ఒక అసత్యమరణముతోనే ముగిసినది. మొదటి అసత్యము అధికారమును నిలిపినది, రెండవది స్వకీర్తిని విడుచుటకు ఉపయోగపడినది. భేదము కలదు. అయినను అసత్యము అసత్యమే.

ఆలయమునకు వచ్చు భక్తులలో కొందరు తీవ్రశోకము పిదప, నాకిక ఏ కోరికయు లేదు, చావన్నను భయము లేదు, సన్న్యాసమిప్పింపుడని అడుగుదురు. అట్టివారిని విరక్తులని వెంటనే ప్రశంసించుట ప్రమాదకరము. వైరాగ్యము చిత్తమునకు ప్రసన్నతను, పరులయెడ కరుణను పెంచును. నిర్వేదము మనస్సును బరువెక్కించి, ఇంట కాచుకొనియున్నవారిని మరపించును. ఇది మొదటిదో రెండవదో తేలువరకు దీక్షల మాట యెత్తక, ప్రక్కన కూర్చుండి ఇంత అన్నము పెట్టి, వారి మాట వినవలెను. ఆల్ఫ్రెడ్ చేయజూచినది అదియే. మీ ఇంటను ఎవరైనను అట్లు తలుపు మూసికొని యున్నచో, వారిది తపస్సని ఊరకుండక ఈ దినమే పోయి ఆ తలుపు తట్టుడు.

స్వస్తి.