సన్మానం సరే... నిజం మాటేంటి?

గుండ్రటి బల్లలు. ఒక్కో బల్ల చుట్టూ ఎనిమిదో పదో కుర్చీలు. వేదికకు దగ్గర్లో, అందరి చూపులూ పడేచోట ఓ తలపండిన పెద్దాయన. అమెరికాలో వృత్తి సంఘాలు ఏటా జరుపుకొనే విరాళాల విందు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. సైకాలజిస్టుల సంఘాలూ అంతే. ఏళ్ల తరబడి ఆ రంగంలో పనిచేసిన సీనియర్‌ని ఒకరిని ఎంచుకుంటారు. ఆయన గౌరవార్థం అని చెప్పి టికెట్లు అమ్ముతారు. పాత విద్యార్థులూ సహోద్యోగులూ కొంటారు. ఆస్పత్రులో యూనివర్సిటీలో అయితే ఏకంగా బల్ల మొత్తం కొనేస్తాయి.

మన దగ్గర సన్మానమంటే శాలువా, పూలదండ, జ్ఞాపిక. ఖర్చంతా అభిమానులది. అక్కడ సన్మానమే నాలుగు డబ్బులు సంపాదించి పెడుతుంది!

లెక్క మాత్రం పక్కాగా ఉండాలి. ఉదాహరణకు టికెట్‌ 200 డాలర్లు, భోజనం విలువ 60 డాలర్లు అనుకుందాం. పన్ను మినహాయింపు మిగతా 140 డాలర్లకే వర్తిస్తుంది. తిన్న తిండి దానం కిందకి రాదు కదా మరి! అలా తీసుకునే సొమ్ము 75 డాలర్లు దాటితే, అందులో భోజనం విలువెంతో సంస్థే రాసి ఇవ్వాలని అక్కడి చట్టం.

రోగి మాత్రం మాట్లాడడు

‘ఈ డాక్టరుగారే లేకపోతే నేనీపాటికి ఉండేవాణ్ని కాదు’ అని ఒక్కరు మైకు పట్టుకుని చెబితే చాలు, హాలంతా కరిగిపోతుంది. చెక్కుబుక్కులు బయటికొస్తాయి. గుండె డాక్టర్ల విందులో అది జరగొచ్చు. మనసు డాక్టర్ల విందులో అంత తేలిక కాదు.

అమెరికన్‌ సైకలాజికల్‌ అసోసియేషన్‌(ఏపీఏ) నియమావళి ప్రకారం తన దగ్గరికి వచ్చినవారు చెప్పుకున్న సంగతుల్ని సైకాలజిస్టు గోప్యంగా ఉంచాలి. అంతేకాదు, చికిత్స తీసుకుంటున్నవారిని ‘నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పండి’ అని అడగకూడదు. కాదనలేని స్థితిలో ఉన్న మరెవరినీ కూడా అడగకూడదు. కారణం స్పష్టమే. తన గుట్టంతా తెలిసిన మనిషి అడిగితే కాదనడం ఎవరికైనా కష్టం. అలా వచ్చిన పొగడ్తలో నిజమెంతో, మొహమాటమెంతో ఎవరు చెప్పగలరు?

అందుకే ఆ పెద్దాయన వల్ల అందరికన్నా ఎక్కువ మేలు పొందినవాళ్లు సాధారణంగా ఆ వేదిక మీద కనిపించరు. పొగడ్తల భారమంతా శిష్యులదీ తోటివారిదీ. పిలిచి పెద్దపీట వేశాక వాళ్లు నిజమే చెబుతారా అన్నది అసలు ప్రశ్న. ఆ ప్రశ్న ఏపీఏ వార్షిక సదస్సుల్లోనే రెండుసార్లు గట్టిగా ఎదురైంది.

చప్పట్ల మధ్య చురక

1990 ఆగస్టు 10, బోస్టన్‌. జీవితకాల కృషికిగాను ఏపీఏ ప్రత్యేక పురస్కారాన్ని మొట్టమొదటిసారిగా బి.ఎఫ్‌. స్కిన్నర్‌కి అందజేసింది. మెచ్చుకోలో బహుమతో దక్కిన పనిని మనిషైనా పావురమైనా మళ్లీ మళ్లీ చేస్తారనీ, ఆ సూత్రంతోనే నడవడికను దిద్దవచ్చనీ చెప్పిన శాస్త్రవేత్త ఆయన. అప్పటికి వయసు 86. ఒంట్లో లుకేమియా. చేతిలో కాగితం ముక్కైనా లేదు.

‘మీ అభిమానానికి కృతజ్ఞతలు’ అని కూర్చుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన కూర్చోలేదు. మనిషి ప్రవర్తనను వదిలేసి, లోపల ‘మనసు’ అనేదేదో ఉందంటూ దాని వెంట పడటం సైన్సు కాదన్నారు. అలా చేసేవారిని డార్విన్‌ పరిణామ సిద్ధాంతాన్ని ఒప్పుకోని సృష్టివాదులతో పోల్చారు. ఎదురుగా ఉన్నవారిలో ఎంతోమంది బతుకుతెరువు ఆ మనసు అధ్యయనమే! అయినా చప్పట్లు కొట్టారు. ఆ ప్రసంగాన్నే వ్యాసంగా మలిచే పనిలో ఆయన చివరి రోజులు గడిచాయి. ఆగస్టు 18న కన్నుమూశారు. ఆ వ్యాసం అదే ఏడాది నవంబరులో ఏపీఏ పత్రికలో అచ్చయింది.

ఆగిపోయిన పతకం

రెండో సంఘటనలో నిజం అవతలివైపు నుంచి వచ్చింది. 1997లో 92 ఏళ్ల రేమండ్‌ క్యాటెల్‌కి బంగారు పతకం ప్రకటించారు. ఇచ్చేది అమెరికన్‌ సైకలాజికల్‌ ఫౌండేషన్‌. 1953లో మొదలైన ఈ సంస్థ దాతల సొమ్ముతో విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు, యువ పరిశోధకులకు గ్రాంట్లు ఇస్తుంటుంది. క్యాటెల్‌ సామాన్యుడేం కాదు. వ్యక్తిత్వాన్ని కొలిచేందుకు పదహారు అంశాల పరీక్షను రూపొందించిన దిట్ట. కానీ వంశాన్ని బట్టి మనుషుల్ని ఎంచే ‘యూజెనిక్స్‌’ ధోరణిని ఆయన రాతలు సమర్థించాయంటూ కొందరు అభ్యంతరం చెప్పారు. షికాగో సదస్సులో అందాల్సిన పతకం చివరి క్షణంలో వాయిదా పడింది. విచారణకు కమిటీ వేశారు. జాత్యహంకారాన్ని తాను అసహ్యించుకుంటానని క్యాటెల్‌ బహిరంగ లేఖ రాశారు. డిసెంబరులో పతకమే వద్దన్నారు. మరుసటి ఫిబ్రవరిలో చనిపోయారు.

అది న్యాయమా, చివరి దశలో ఒక పెద్దమనిషికి జరిగిన అవమానమా? ఆ రంగంలో రెండు వాదాలూ ఉన్నాయి. అయితే, దాతల సొమ్ముతో నడిచే సంస్థ ఒకరి మెడలో పతకం వేసిందంటే ‘ఈయనలా ఉండండి’ అని పిల్లలకు చెప్పినట్టే. అభ్యంతరం వచ్చినప్పుడు ఆగి చూడటం దాని బాధ్యత. ఆ చూసేదేదో పేరు ప్రకటించకముందే చూసుంటే బాగుండేది.

విరాళాల విందుకీ ఇదే వర్తిస్తుంది. పెద్దాయన పేరు మీద పోగైన డబ్బు ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాడి చదువుకి అందొచ్చు. రేపు ఆ కుర్రాడు పరిశోధన చేసి ‘పెద్దాయన చెప్పినదాంట్లో ఫలానాది తప్పు’ అని తేల్చనూవచ్చు. ఆ విందుకి పెట్టిన ఖర్చు దండగ కాలేదనడానికి అంతకన్నా రుజువేం కావాలి!